కొమురయ్యకు దండ సరే, మందకు జాగ ఏది?

ఏడాదికి రెండు రోజులు దొడ్డి కొమురయ్య మన ఫోన్ల నిండ కనవడ్తడు. ఏప్రిల్ 3న జయంతి, జులై 4న వర్ధంతి. భుజం మీద గొంగడి, చేతిల కట్టె, కింద తొలి అమరుడు అని రెండు మాటలు. నాయకులు దండలేస్తరు, మనం స్టేటస్ పెడ్తం. తెల్లారి ఆ ఫోటో పోతది, ఆయనను మర్శిపోతం.

నాకు ఆ రెండు మాటలతోనే పంచాది. తొలి అమరుడు అన్నది అబద్ధం కాదు, నూటికి నూరుపాళ్లు నిజమే. కని ఆ మాట ఆయన చావును చెప్తది, బతుకును చెప్పది. ఆయన మీద వచ్చే వ్యాసాలు చానవరకు 1946 జులై 4 నుంచే షురువైతయి, ఆ రోజుతోనే అయిపోతయి. అంతకుముందు 19 ఏండ్లు ఆ పిలగాడు బతికిండు గద. ఏ ఇంట్ల పుట్టిండు? ఆ ఇల్లు దేని మీద బతికింది? దొర ఆ ఇంటి నుంచి ఏం గుంజుకున్నడు? ఈ సంగతులు తెలుసుకోకపోతె ఆయన ఎందుకు ఆ ఊరేగింపుల ముందట నడిచిండో మనకు సమజ్ కాదు. ఇయ్యాల ఆయన కులపోళ్లు, వాళ్లతోటి గొల్లలు, ఇంకా మందలు కాసే తీరుతీరు జనం ఏం అడగాల్నో కూడ సమజ్ కాదు.

కొమురయ్యది కడవెండి. ఇప్పుడు జనగామ జిల్లా దేవరుప్పుల మండలం. అప్పుడు నిజాం రాజ్యంల నల్లగొండ జిల్లా, జనగామ తాలూకా. 1927ల పుట్టిండు. కురుమ ఇల్లు, గొర్లు కాసే కుటుంబం. ఇంటిపేరు దొడ్డి. జీవాలను తోలి కట్టేసే జాగను మన ఊర్లల్ల దొడ్డి అంటం. ఆ పేరే చెప్తది, వాళ్ల తాతముత్తాతలు ఏం చేసి బతికిన్రో.

కురుమోళ్ల బతుకు అప్పుడు ఎట్లుంటుండె? మందల ఎక్కువ నల్ల గొర్లు. దక్కని గొర్రె అంటరు దాన్ని. రాళ్ల నేలల, గట్ల మీద, ముండ్ల చెట్ల నడుమ మేసి బతుకుతది. ఎండకు ఆగుతది, దూరం నడుస్తది. దాని ఒంటి మీది బొచ్చును కత్తిరిస్తరు. ఆడోళ్లు ఆ ఉన్నిని ఏకి నూలు వడుకుతరు. చింతగింజల గంజి పెట్టి మొగోళ్లు గొంగడి నేస్తరు. ఆ గొంగడి వానకు గొడుగు, చలికి దుప్పటి, రాత్రికి పరుపు. పొలం కోతలైనంక రైతు పిలిచి తన చెల్కల మంద పెట్టిచ్చుకుంటడు. రాత్రంత గొర్లు ఆడ పండితె పెంట, ఉచ్చ నేలల ఇంకుతది, మల్లా ఏడు పంట మంచిగొస్తది. దానికి రైతు గింజలు కొలుస్తడు. ఎరువు బస్తాలు లేని కాలంల మన నేలకు బలం ఇచ్చిన వాళ్లల్ల కురుమలు, గొల్లలు ముందు వరుసల ఉంటరు. ఈ ముచ్చట ఏ పాఠం పుస్తకంల నేను చదువలేదు, ఊర్లు తిరిగి ముసలోళ్లను అడిగి తెలుసుకున్న.

గొర్లోళ్లకు సొంత భూమి తక్కువ. వాళ్ల అసలు ఆస్తి నడిచే ఆస్తి. ఆ ఆస్తి బతకాలంటె ఊరుమ్మడి జాగలు కావాలె. బంచరాయి, గుట్టలు, చెరువు శిఖం, అడవి అంచు. ఇవి ఎవల సొంతం కావు, అందరివి. దొర చెయ్యి ముందుగాల పడ్డది గిసొంటి జాగల మీదనే, ఇసొంటి మనుషుల మీదనే.

కడవెండి విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి కింద ఉండె. ఆయన చేతి కింద 40 వేల ఎకరాలు ఉండెనని పుచ్చలపల్లి సుందరయ్య పోరాట చరిత్రల రాసిండు. కడవెండి గడీల దేశ్‌ముఖ్ తల్లి జానమ్మ ఉంటుండె. ఊరోళ్లకు ఆమె దొరసాని. పెత్తనంల కొడుకు కన్న తక్కువేం కాదని ఆ ప్రాంతంల పేరు. ఊర్ల ఎవలింట్ల ఏం వండుకున్నా, ఏం పండిచ్చుకున్నా ముందుగాల గడీకి పోవాలె.

వెట్టి అంటె మనకు పైసలు ఇయ్యకుంట పని చేపిచ్చుకునుడు అనే తెలుసు. అది సగమే. ప్రతి కులానికి ఒక లెక్క పెట్టిన్రు. చాకలోళ్లు బట్టలు పిండాలె, దొరింట్ల చాకిరి చెయ్యాలె. మంగలోళ్లు గొరగాలె, కాళ్లు పిసకాలె. గౌండ్లోళ్లు కల్లు పొయ్యాలె. కుమ్మరోళ్లు కుండలు ఇయ్యాలె. సాలోళ్లు బట్టలు నేసియ్యాలె. మాదిగోళ్లు చెప్పులు కుట్టియ్యాలె, గడీకి పనికొచ్చే తోలు సామాను ఇయ్యాలె. గొర్లోళ్లు? దొరింట్ల పండుగైనా, లగ్గమైనా, పై నుంచి అధికారి దిగినా మందల నుంచి గొర్రెను గుంజుకపోవుడే. పైసలు ఇయ్యరు. అడిగితె దెబ్బలు.

ఒక్కసారి ఆలోచన చెయ్యున్రి. సాలె మగ్గం మీద ఒక చీర పోతె మల్లొకటి నేసుకోవచ్చు. మంద నుంచి సూడి గొర్రె పోతె దాని పిల్ల పోయింది, ఆ పిల్లకు పుట్టే పిల్ల పోయింది. మంద అంటె గొర్లోళ్ల బ్యాంకు. బిడ్డ లగ్గం, కొడుకు రోగం, కరువు ఏడు, అన్నిటికీ అదే. అందుకని దొర ఒక గొర్రె పట్టుకపోయిండు అంటె ఒక పూట కూర పట్టుకపోయినట్టు కాదు, ఒక ఇంటి రేపును పట్టుకపోయినట్టు. కొమురయ్య ఇది చూస్కుంట పెరిగిన తరం పిలగాడు. నా లెక్కల ఆయన కోపానికి ఏర్లు ఈడనే ఉన్నయి.

మేత మీద పెత్తనం కడవెండిల ఒక్కదాన్లనే ఉన్న బాధ కాదు. పల్నాడుల అడవిల పశువులు మేపితె ఇంగ్లీషోళ్లు పుల్లరి అడిగిన్రు, దానికి ఎదురు నిలబడ్డ కన్నెగంటి హనుమంతును 1922ల కాల్చి చంపిన్రు. ఆదిలాబాద్ అడవుల గోండుల పోడు మీద, పశువుల మేత మీద నిజాం అధికారులు పన్నులు గుంజుతుంటె కొమురం భీం జోడేఘాట్ల తిరగబడి 1940ల ప్రాణమిచ్చిండు. ఆరేండ్లకు కొమురయ్య. ముగ్గురివి మూడు ప్రాంతాలు, మూడు జాతులు. కని మేసే జీవం నోటి కాడ సర్కారో దొరో చెయ్యి అడ్డం పెట్టుడు మూడు చోట్ల ఉన్నది.

ఇగ సంఘం ముచ్చట. 1944ల భువనగిరిల ఆంధ్ర మహాసభ జరిగింది. రావి నారాయణరెడ్డి అధ్యక్షుడు. అప్పటిదాక సదువుకున్నోళ్ల సభ లెక్క నడిచింది అది. భువనగిరి తర్వాత సభ్యత్వం ఒక్క అణా చేసిన్రు. అణా పెట్టగలిగినోళ్లు ఊరూర ఉన్నరు. వెట్టి బంద్ కావాలె, అక్రమంగ భూమి నుంచి ఎల్లగొట్టుడు బంద్ కావాలె అని సంఘం పెట్టిన్రు. జనం దాన్ని ఉట్టి సంఘం అనే పిలిచిన్రు. కడవెండిల కూడ సంఘం పుట్టింది. ఆ ఊరి మనిషే నల్లా నర్సింహులు ఆ ప్రాంతానికి పెద్ద కార్యకర్త అయిండు. కొమురయ్య అన్న దొడ్డి మల్లయ్య సంఘంల ముందట ఉండె. అన్న ఎనుక తమ్ముడు వచ్చిండు.

అప్పటిదాక కులం లెక్కన విడిగొట్టి వెట్టి గుంజిన్రు. సంఘంల మాత్రం కురుమ, మంగలి, సాలె, చాకలి, మాదిగ ఒక్క కాడ కూసున్నరు. పక్కన పాలకుర్తిల చాకలి ఐలమ్మ అదే విసునూరు దొరకు ఎదురు నిలబడి, సంఘం బలగంతోటి తన పంట తను ఇంటికి తెచ్చుకున్నది. గడీ ఎదురుంగ ఒక ఆడమనిషి గెలిచిన ముచ్చట సుట్టుపక్కల ఊర్లకు ధైర్యం పోసింది. దొరకు అదే నచ్చలేదు. కడవెండి జనం వెట్టికి పోవుడు బంద్ పెట్టిన్రు. సంఘపోళ్ల మీద కేసులు పెట్టిచ్చుడు, కొట్టిచ్చుడు మొదలైంది.

1946 జులై 4. దొర గుండాలు సంఘం నాయకుల ఇండ్ల మీద పడ్డరు. ఊరు ఊకోలేదు. కట్టెలు, గుత్పలు, వడిసెలలు పట్టుకొని జనం ఒక్కటై బజార్లకు వచ్చిన్రు, సంఘం నినాదాలు ఇచ్చుకుంట గడీ దిక్కు కదిలిన్రు. వడిసెల అంటె తెల్వని పిలగాండ్లకు చెప్తున్న. తాడు మధ్యల రాయి పెట్టి గిరగిర తిప్పి విసిరే పనిముట్టు. చేను మీది పిట్టలను కొట్టడానికి, మందను మలపడానికి వాడేది. ఆనాటి దాక పిట్టలను, గొర్లను మలిపిన వడిసెల ఆ రోజు దొర మీదికి మలిగింది. అటు దిక్కు బందూకులు. గడీ కాడ నుంచి గుండాలు కాల్చిన్రు. ముందు వరుసల ఉన్న కొమురయ్యకు తూటా తగిలి అక్కడనే ప్రాణం ఇడిచిండు. అన్న మల్లయ్య కాలుకు తూటా తగిలింది. ఇంకొందరికి దెబ్బలు తాకినయి.

తూటా పేలితె జనం ఉరుకుతరని గడీ అనుకున్నది. జనం ఉరుకలేదు, ముందటికే వచ్చిన్రు. కాల్చినోళ్లే ఎనక్కి ఉరికి గడీల దాసుకున్నరు. ముచ్చట తెలిసి పక్క ఊర్ల మంది వచ్చి గడీని చుట్టుముట్టిన్రు. దేశ్‌ముఖ్ కొడుకు బాబుదొర మందిని ఎంటేసుకొని వస్తె వాళ్లను కూడ తరిమిన్రు. పోలీసులు దిగిన్రు, గడీని కాపాడిన్రు, కేసులు మాత్రం సంఘపోళ్ల మీద పెట్టిన్రు. కని నిప్పు అంటుకున్నది. ఊరూర జనం కట్టెలు పట్టుకొని పక్క ఊరికి పోవుడు, సంఘం పెట్టుడు, వెట్టి బంద్ అని చాటిచ్చుడు. కొన్ని వారాలల్లనే నల్లగొండ, వరంగల్, ఖమ్మం దిక్కు వందల ఊర్లు లేచినయి. అది సాయుధ పోరాటమై 1951 అక్టోబరు దాక నడిచింది. సుమారు 3 వేల ఊర్ల మీద గడీల పెత్తనం పోయింది, 10 లక్షల ఎకరాలు పంచిన్రు, 4 వేల మంది ప్రాణాలు పోయినయి. 1949ల జాగీర్దారీ రద్దయింది. వీటన్నిటి మొదట్ల ఒక కురుమ పిలగాని నెత్తురున్నది.

ఈడిదాక చానమందికి తెలుసు. నేను చెప్పదలుసుకున్న అసలు ముచ్చట దీని తర్వాతది.

భూమి పంచుడు అంటె మన సోయిల దున్నే భూమే. పట్టా, కౌలు, సాగు. అది న్యాయమే, కూలోనికి, రైతుకు అది కావాలె. కని మంద కాసేటోనికి దున్నే భూమి కన్న మేసే భూమి ముఖ్యం. దానికి పట్టా ఉండది. పట్టా లేదు గనుక కొట్లాడేటోడు లేడు. గడీ పోయినంక గూడ బంచరాయి ఒక్కొక్కటి కరుగుతనే వచ్చింది. కొంత కబ్జా అయింది, కొంత ప్లాట్లయింది, కొంత సర్కారీ భవనాలకు, కంపెనీలకు పోయింది. గుట్టలు క్వారీలైనయి. కొన్ని చోట్ల మొక్కలు నాటి కంచె కట్టి గొర్లు రావద్దన్నరు. చెట్లు పెంచుడు తప్పని నేను అంటలేను. ఎవల జాగల పెంచుతున్నరో, వాళ్లను ఒక్క మాట అడిగిన్రా అని అంటున్న. ఎండకాలం మందలు తోలుకొని నల్లమల దిక్కో, కృష్ణ దాటో పోయే వాళ్లకు అడవి అంచుల ఏమైతదో ఆ వలస పోయేటోళ్లను అడగున్రి. దొర గొర్రె గుంజినట్టే దారెంబడి మామూళ్లు అడిగేటోళ్లు ఇయ్యాల కూడ ఉన్నరని చెప్తరు.

సర్కారు ఏం చెయ్యలేదా అంటె చేసింది. 2017 జూన్ల రాష్ట్రం గొర్ల పంపిణీ పథకం పెట్టింది. 20 గొర్లు, ఒక పొట్టేలు ఒక యూనిట్. అప్పుడు ధర 1.25 లక్షలు ఉండె, దాంట్ల 75 శాతం సర్కారుది, మిగిలిన 31,250 రూపాయలు గొర్లోళ్లు కట్టాల్సి ఉండె. సొసైటీలల్ల 7 లక్షలకు పైగ మంది పేర్లు రాసుకున్నరు. కులవృత్తిని ఒక సర్కారు ఇంత పెద్దగ పట్టించుకునుడు చిన్న ముచ్చట కాదు, ఆ మాట ఒప్పుకోవాలె. 2019 పశుగణనల తెలంగాణల 1.91 కోట్ల గొర్లు లెక్క తేలినయి. దేశంల మనదే మొదటి స్థానం.

కని గొర్రె ఇచ్చి మేసే జాగ ఇయ్యకపోతె ఏమైతది? పక్క రాష్ట్రాల నుంచి లారీలల్ల తెచ్చిన జీవం మన ఎండకు, మన నీళ్లకు అలవాటు కాకముందే రోగం పాలైతది. మేత కొనాల్సి వస్తది. కొన్న మేతతోటి గొర్రె సాదితె లాభం మిగులది. అప్పు తీర్చడానికి వచ్చిన ధరకు అమ్ముకుంటరు. అమ్మిన గొర్లనే మల్ల తెచ్చి ఇంకొకరి పేరు మీద చూపెట్టిన్రని ఆరోపణలు వచ్చినయి, 2024ల పథకం పైసల మీద ఏసీబీ కేసులు కూడ పెట్టింది. జీవాలను పంచిన్రు గని, పెత్తనం పంచలేదు. ఏ జాతి గొర్రె కావాలె, ఎప్పుడు కావాలె, ఎక్కడ కొనాలె అని తరతరాలుగ మంద కాసినోన్ని గట్టిగ అడిగినోళ్లు లేరు. ఆడ దక్కని గొర్రెకు, గొంగడికి కూడ దెబ్బ తాకింది. ఉన్ని కొనేటోళ్లు తగ్గిన్రు, బొచ్చు కత్తిరిచ్చిన కూలి ఎల్లని ఊర్లున్నయి. గొంగడి నేసే చేతులు ముసలైనయి. స్టేజీ మీద నాయకుని భుజాన వేసే గొంగడి మాత్రం ప్రతి సభల కొత్తదే.

అందుకే నేను అంటున్న, కొమురయ్యను మల్లొక్కసారి మంద కాడ నుంచి చదువుదాం. ఆయన గొర్రె కావాలని కొట్లాడలేదు. ఆయన ఇంటికి గొర్లు ఉన్నయి. నా గొర్రెను నన్ను అడగకుంట పట్టుకపోయే అధికారం నీకు లేదని కొట్లాడిండు. బాగుపడుడు వేరు, బలపడుడు వేరు. ఒకటి ఎవలో ఇస్తె వస్తది, ఇంకొకటి సంఘం కడ్తేనే వస్తది.

ఇప్పుడు చెయ్యదగ్గ పనులు ఉన్నయి, చదువు వచ్చిన పిలగాండ్లు చేసే పనులే. మొదలు మీ ఊర్ల బంచరాయి, గైరాన్, శిఖం భూములు ఏ సర్వే నంబర్లల్ల ఎన్ని ఎకరాలు ఉండెనో తహసీల్ ఆఫీసుల సమాచార హక్కు దరఖాస్తు పెట్టి రాతల తీసుకోన్రి. పెద్ద ఖర్చు లేని పని. ఆ లెక్క చేతిల ఉంటె గ్రామసభల మాట్లాడే తీరు మారుతది. రెండోది, 2006 అటవీ హక్కుల చట్టంల మేపుకునే హక్కు రాసి ఉన్నది. ఒక్క కాడ ఉండి మేపేటోళ్లకే కాదు, మందలతోటి తిరిగేటోళ్లకు కూడ. గిరిజనులు కానోళ్లు మూడు తరాలు, అంటె 75 ఏండ్లు ఆ అడవి మీద ఆధారపడి బతికినట్టు చూపాలన్నది కష్టమైన షరతే. కని దరఖాస్తు మొదట పోయేది గ్రామసభకే. అడగనిది ఎవలూ ఇయ్యరు.

మూడోది సొసైటీ. ప్రాథమిక గొర్రెల పెంపకందార్ల సహకార సంఘం చాన ఊర్లల్ల ఉన్నది. 18 ఏండ్లు నిండినోళ్లు సభ్యత్వం అడగొచ్చు. అదెప్పుడు కూసుంటది, లెక్కలు ఎవలు చూస్తరు, ఎన్నికలు ఎప్పుడైనయి? తెలుసుకోన్రి. ఇంట్ల ఉన్ని వడికి, పిల్లలను సాది, పాలు తాగిచ్చి మందను నిలబెట్టే ఆడోళ్ల పేర్లు ఆ రిజిస్టర్ల ఎన్ని ఉన్నయో కూడ లెక్క పెట్టున్రి. నాలుగోది రోగాలు. చిటుకు రోగానికి, పీపీఆర్‌కు, నీలి నాలుకకు టీకాలు ఉన్నయి. వాన పడ్డంక మందలు కూలుతుంటె డాక్టర్ కోసం ఉరుకుడు కాదు, వాన రాకముందే టీకా బండి ఊరికి రావాలని మండల ఆఫీసు మీద పడాలె.

ఐక్యరాజ్య సమితి 2026ను మేత భూముల, పశుపోషకుల సంవత్సరంగ ప్రకటించింది. మంగోలియా నుంచి ఆఫ్రికా దాక మందలు కాసే జనం అడుగుతున్నది గిదే: మేసే జాగ, నడిచే తొవ్వ, మా నిర్ణయం మాకు. కడవెండి అడిగింది గూడ అదే, 80 ఏండ్ల కింద.

ఇగ చివరి మాట కురుమ, గొల్ల ఇండ్లల్ల పుట్టిన పిలగాండ్లకు. కాలేజీల నాయిన ఏం చేస్తడని అడిగితె వ్యవసాయం అని చెప్పి, గొర్లు కాస్తడని చెప్పనీకి నామోషీ పడేటోళ్లను నేను మస్తుమందిని చూసిన. ఏ వానకు ఏ గడ్డి మొలుస్తదో, ఏ ఆకు తింటె జీవానికి పడదో, 100 గొర్లల్ల తప్పిపోయిన పిల్ల ఏ తల్లిదో చూపుతోటి చెప్పే మనిషి అజ్ఞాని కాడు. అది చదువే. మీరు మంద కాయాలని నేను చెప్తలేను. డాక్టరు కావున్రి, తహసీల్దారు కావున్రి, వకీలు కావున్రి. మంద కాసేటోళ్ల దిక్కు నిలబడున్రి అంటున్న.

కోకాపేటల కొమురయ్య పేరుతోటి కురుమ భవనం లేచింది. సంతోషమే. వచ్చే జులై 4కు మీ ఊర్ల కూడ దండ వెయ్యున్రి, వద్దనను. దండ వేసినంక అదే గుంపుతోటి పంచాయతీ ఆఫీసుకు నడువున్రి. మన ఊరి బంచరాయి ఎక్కడున్నది, ఇప్పుడు ఎవల చేతుల ఉన్నదని అడగున్రి. జవాబు కాగితం మీద రాసిచ్చేదాక ఆడనే కూసోన్రి.